ఎడమ పక్కన అన్నయ్య

గ్యారీ ఊరి నుంచి
నవంబరు 9, 1986

ప్రియమైన డెల్,

నిన్న ఫోన్లో నువ్వు అంతసేపు మాట్లాడుతుంటే నేను ఊ, ఆ అనడం తప్ప ఒక్క మాటా తిన్నగా చెప్పలేదని నీకు ఒళ్ళు మండి ఉంటుంది. ఫోను అమ్మ కుర్చీ పక్కనే ఉంటుందని మర్చిపోయావా? టీవీ చూస్తున్నట్టే ఉంటుంది కానీ చెవి మాత్రం నా దగ్గరే. అందుకే రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి. నేను పనిచేసే స్కూలు బస్సు షెడ్డు అడ్రసుకి రాయి, ఇంటికి కాదు.

నువ్వు చెప్పిన ఆ ఫెన్విక్ గారు మొన్న ఆదివారం ఊడిపడ్డాడు. చర్చి నుంచి వచ్చేసరికి మెట్ల మీద నిలబడి ఉన్నాడు, చేతిలో పూలు. బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ తరఫున జట్లతో డబ్బు సంగతులు మాట్లాడతానన్నాడు. అమ్మ టోపీ కూడా తియ్యకుండా అడిగింది:

"పూలు తెచ్చావు, ఎవరు పోయారు నాయనా?"

ఆయన నవ్వాడు. "మీకోసమేనమ్మా. మీవాడు బంగారం. పెద్ద లీగులో ఇలాంటి ఎత్తు, ఇలాంటి చేతులు ఉన్న కుర్రాడి కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు."

"ఇంతకుముందు కూడా ఒకాయన వచ్చాడు. ఇదే సోఫాలో, నువ్వు కూచున్న చోటే. ఆయన తాగిన కప్పు నేనే కడిగాను. తర్వాత నా కొడుక్కి ఆఖరి చొక్కా కూడా నేనే తొడిగాను. నువ్వు కాఫీ తాగుతావా?"

పాపం, తాగనని వెళ్ళిపోయాడు. పూలు మాత్రం టమికా నీళ్ళలో పెట్టింది. తొమ్మిదేళ్ళ నా కూతురికి ఇవేం తెలుస్తాయి?

అమ్మ సంగతి నీకు తెలుసు. మన రాయిస్ రెండో ఏడు కాగానే కాలేజీ వదిలేశాడు. పెద్ద లీగు వాళ్ళు తీసుకున్నారు, మంచు పడకముందే "దమ్ము లేదు, బద్ధకం" అని తీసేశారు. ఆ తర్వాత రెండు చలికాలాలు ఊరూరా తిరిగి చిన్న జట్లలో ఆడాడు. ఆఖరికి ఆ మొక్కజొన్న చేల మధ్య రోడ్డు మీద కారులో పోయాడు. అమ్మకి ఇదంతా ఒకే గొలుసు. చదువు వదలకపోతే వాడు ఇవాళ ఈ వంటింట్లో కూచుని రొట్టె తింటూ ఉండేవాడు. ఆ గొలుసులో ఏ లింకు పట్టుకుని లాగినా అది తెగదు.

నా మాటా అదే అనుకో. ఈ ఏడు పోతే డిగ్రీకి ఇంకొక్క ఏడాదేగా. ఉండరా.

స్వెటర్ పంపుతున్నాను. ఆ యూనివర్సిటీ గాలికి నీ పలచటి కోటు ఆగదు.

నీ అక్క,
వర్లీన్

*

డిసెంబరు 14, 1986

ప్రియమైన అక్కకి,

స్వెటర్ అందింది. మా జట్టులోనే ఆడే నా రూమ్మేట్ ఓటిస్ దాన్ని చూసి "ఇది గొర్రె బతికుండగా అల్లినట్టుందిరా" అన్నాడు. అయినా రెండుసార్లు వేసుకుపోయాడు.

ఆట బాగా సాగుతోంది. పేపర్లు నువ్వు చూస్తూనే ఉంటావు. కోచ్ హాలిగన్ గారు వారానికోసారి తన గదికి పిలిచి తలుపేసి, నా డిగ్రీ గురించి బెంగపడతారు. "ఆట పదేళ్ళు, చదువు జన్మంతా" అంటారు. ఆయన అలా అంటే నిజమే అనిపిస్తుంది. గదికొచ్చి చెప్తే ఓటిస్ మంచం మీద దొర్లి దొర్లి నవ్వుతాడు.

"నీ డిగ్రీ మీద ఆయనకెందుకురా అంత ప్రేమ? వచ్చే ఏడు నువ్వు లేకపోతే బుట్టకి తగిలి తిరిగొచ్చే బాల్ ఎవరు పట్టుకుంటారు, వాళ్ళత్తగారా?"

"నీకెవరి పిలుపూ రాలేదని కుళ్ళు."

"అవునురా, కుళ్ళే. పదిహేనువేల మంది టిక్కెట్లు కొనుక్కుని నిన్ను చూస్తారు, కాలేజీ నీకు పైసా ఇవ్వదు. నువ్వేమో ఆదివారం పిజ్జా కోసం నా జేబులు వెతుకుతావు. రేపు మోకాలు విరిగితే ఆ పదిహేనువేల మందిలో ఎవడొస్తాడు, చెప్పు?"

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అదే చిక్కు. ఇంకో చిక్కేమిటంటే నాకు చదువు నచ్చుతోంది. ఎవరికీ చెప్పకు. భూమి పుట్టుక గురించి చెప్పే క్లాసు ఒకటుంది. ఆ పంతులుగారికి నేను బాస్కెట్‌బాల్ ఆడతానని ఇప్పటికీ తెలీదు, పొడుగ్గా ఉన్నానని వెనక బెంచీలో కూచోమన్నాడు. మన ఊరి సరస్సుని వేల ఏళ్ళ కింద కొండలంత మంచుగడ్డలు జరుగుతూ తవ్వాయట. చిన్నప్పటినుంచీ రాళ్ళు విసిరిన నీళ్ళని అంతవరకూ నేను చూడనే లేదు అనిపించింది.

అక్కా, ఇంకోటి చెప్పాలి. నవ్వకు, అమ్మకి చెప్పకు.

పోయిన శనివారం ఆటలో, రెండో సగంలో, బాల్ లాక్కుని ముందుకి పరిగెడుతున్నాను. ఎడమ పక్కన ఎవరో నాతో సమానంగా పరిగెడుతున్నారు. మనవాడే అనుకుని బాల్ ఇవ్వబోయాను. చూస్తే అన్నయ్య. చిన్నప్పుడు మన వెనక సందులో ఆడేటప్పుడు వాడు ఎప్పుడూ ఎడమ పక్కనే కదా ఉండేవాడు. ఆటబట్టలు కావు, గోధుమరంగు కార్డురాయ్ గుడ్డ కోటు వేసుకున్నాడు. మోచేతి దగ్గర తోలు అతుకు ఉంది. నాకేసి చూడలేదు. నేను ఎవరికీ అందనిచోటికి బాల్ విసిరేశాను. జనం ఓ అని అరిచారు. కోచ్ తిట్టారు.

భయం వెయ్యలేదు. అదే నాకు ఆశ్చర్యం. చుట్టూ చప్పుళ్ళన్నీ ఎక్కడో దూరంగా పోయి చాలా హాయిగా అనిపించింది.

నీ తమ్ముడు,
డెల్మర్

*

గ్యారీ
జనవరి 11, 1987

ఒరేయ్ డెల్,

బస్సు షెడ్డులో నీ ఉత్తరం చదివాక పావుగంట బస్సు ఇంజను కూడా స్టార్ట్ చెయ్యలేకపోయాను.

ఆ కోటు నీకెలా తెలుసు? రాయిస్ ఆఖరి చలికాలంలో ఆడిన ఊళ్ళో కొనుక్కున్నది అది. ఆ కోటు వేసుకుని వాడు ఒక్కసారీ ఇంటికి రాలేదు. నువ్వు చూసే వీలే లేదు. ఆస్పత్రివాళ్ళు సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. నేను తీసి చూశాను, తోలు అతుకులు ఉన్నాయి. ఇంటికి తేకుండా అక్కడే ఒక చర్చిలో ఇచ్చేశాను. అమ్మకి కూడా చూపించలేదు.

చెప్పొద్దన్నావు కానీ నావల్ల కాలేదు. ఇలాంటిది ఒక్కదాన్నే మొయ్యలేను. అమ్మకి చెప్పాను.

ఆకుకూర తుంచుతోంది. చేతులు ఆగలేదు. "నువ్వు ఇవాళ చెప్తున్నావు. నేను ఆరేళ్ళుగా వింటున్నాను" అంది.

"ఏం వింటున్నావు?"

"వెనక సందులో బాల్ చప్పుడు. చీకటి పడే వేళ. కిటికీ ఎందుకు తెరిచి ఉంచుతానని నువ్వు అరుస్తావే, చలికి హీటరు బిల్లు పెరుగుతుందని. మరి వాడు లోపలికి రావాలంటే?"

నేను వెళ్ళి ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను డెల్. తనే మళ్ళీ అంది, "వాడు డెల్ దగ్గరికి వెళ్ళాడంటే వద్దని చెప్పడానికే వెళ్ళాడు. నేను పోయిన దారిన నువ్వు రాకురా అని."

"అమ్మా, వాడు అడ్డం రాలేదట. పక్కన పరిగెత్తాడట. రమ్మంటున్నాడో వద్దంటున్నాడో నీకెలా తెలుసు?"

"కన్నదాన్ని నేనా, నువ్వా?"

అక్కడితో ఆ మాట అయిపోయింది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉన్నా అది మనవాడు అయితే నాకు భయం లేదు. కానీ నువ్వు రాసిన ఆఖరి మాట, హాయిగా అనిపించిందన్న మాట, అది నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పలేను. పొద్దున్నే సరిగా తింటున్నావా? నిద్రపోతున్నావా?

ఇక్కడ ఉక్కు మిల్లులో మరో కొలిమి ఆర్పేశారు. మన వీధిలో జనం వెళ్ళిపోయిన మూడిళ్ళ కిటికీలకి చెక్క పలకలు కొట్టేశారు. బస్సులో పిల్లలు తగ్గిపోతున్నారు. మా బస్సు నీ పేరుతో మోగిపోతూ ఉంటుంది, అదొక్కటే బావుంది. వెనక సీటు పిల్లలు నువ్వు వెళ్ళాలా ఉండాలా అని రోజూ కొట్టుకుంటారు. నిన్న ఒక పిల్ల "మా నాన్న కాలేజీ చదివాడు, ఇప్పుడు ఇంట్లో కూచున్నాడు" అంది.

నీ అక్క,
వర్లీన్

*

మార్చి 22, 1987

ప్రియమైన అక్కకి,

మా ఆట అయిపోయింది. టోర్నమెంటులో మూడో మెట్టు దగ్గర ఓడిపోయాం. టీవీలో చూశానన్నావు కాబట్టి నేను పడిపోవడం కూడా చూసే ఉంటావు. ఇంటికి ఫోన్ చేసి చెమటకి కాలు జారిందన్నాను. అది నిజం కాదు.

మళ్ళీ వచ్చాడు. ఈసారి పరిగెత్తలేదు. బుట్ట కింద మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒగురుస్తూ నిలబడ్డాడు. ఎవరికోసమో ఆగినట్టు. నేను అటే పరిగెడుతున్నాను. చప్పుళ్ళు దూరమయ్యాయి. తర్వాత పైకప్పు లైట్లు, వాటి మధ్యలో ఓటిస్ మొహం. "లేవరా, లేవరా, టీవీలో కనిపిస్తున్నావురా" అంటున్నాడు, కళ్ళలో నీళ్ళు.

జట్టు డాక్టరు నాడి చూసి, పొద్దున ఏం తిన్నావన్నాడు. ఏమీ తినలేదన్నాను. ఉప్పు బిళ్ళలు, తియ్యనీళ్ళు ఇచ్చి పది నిమిషాలు కూచోబెట్టాడు. కోచ్ నా ముందు మోకాళ్ళ మీద కూచుని "ఆడగలవా?" అన్నారు. ఆయన కళ్ళు నా మీద ఉన్నాయి, చెవులు మాత్రం జనం వైపు ఉన్నాయి. ఆడగలనన్నాను. ఆడాను. చాలా బాగా ఆడాను కూడా.

అక్కా, నాకు ఒకటి అర్థమైంది. వాడు వద్దని చెప్పడానికి రావడంలేదు. వాడి ఆట సగంలో ఆగిపోయింది. బద్ధకం అన్నారు వాణ్ణి. మన రాయిస్‌ని! మంచు ఊడ్చి మరీ సందులో ఆడేవాణ్ణి! ఆ మాట పడి వెళ్ళిపోయినవాడు ఊరుకుంటాడా? నేను వెళ్ళి ఆడాలి. ఇంకో ఏడాది ఇక్కడ ఉంటే ఈ ఊపు ఉంటుందో లేదో తెలీదు. నా ఒళ్ళు ఎందుకో తొందరపెడుతోంది.

ఏప్రిల్ చివరిలోగా పెద్ద లీగుకి పేరు ఇవ్వాలి. ఇచ్చాక కాలేజీలో మళ్ళీ ఆడనివ్వరు. అమ్మకి ఎలా చెప్పాలో నువ్వే చెప్పు.

నీ తమ్ముడు,
డెల్

*

గ్యారీ
ఏప్రిల్ 5, 1987

డెల్మర్,

అమ్మకి చెప్పాను. కుర్చీలోంచి లేచి తన గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. రెండ్రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏం తీసుకోలేదు. పాస్టరుగారి భార్య సూప్ తెస్తే, "నా రెండో కొడుక్కి ముందే సంతాపానికి వచ్చావా తల్లీ" అంది. ఆవిడ ఏడుస్తూ వెళ్ళింది.

నీకిక చెప్పక తప్పదు. రాయిస్ పోయినప్పుడు నీకు పద్నాలుగేళ్ళు. రోడ్డు మీద మంచు గడ్డకట్టి కారు జారిందని చెప్పాం. ఆ రోజు మంచు లేదు డెల్. మధ్యాహ్నం ఎండగా ఉంది, రోడ్డు పొడిగా ఉంది, గీత గీసినట్టు తిన్నగా ఉంది. వెనక వస్తున్న పాలట్రక్కు అతను పోలీసులకి చెప్పాడు. కారు మెల్లగా పక్కకి వాలిందట, బ్రేకు వెయ్యలేదట, హారన్ కొడితే కూడా తిరగలేదట. తిన్నగా వెళ్ళి కల్వర్టుకి కొట్టుకుంది. తాగి లేడు, ఆస్పత్రివాళ్ళు చూశారు.

చెప్పు, ఏమనుకోవాలి? అమ్మ అనుకున్నది నీకు తెలుస్తూనే ఉంది కదా. ఊళ్ళో కూడా అందరూ అదే అనుకున్నారు, పైకి అనలేదంతే. అంత్యక్రియల్లో పాస్టరుగారు వాక్యం చదవడానికి ఎంతసేపు వెతుక్కున్నాడో! ఆరేళ్ళుగా అమ్మ పొద్దున్నే మోకాళ్ళ మీద కూచుని చేసే ప్రార్థన ఒక్కటే. వాణ్ణి క్షమించమని. తనంతట తను పోయినందుకు వాణ్ణి పరలోకం తలుపు బయటే ఉంచెయ్యొద్దని.

చదువు మానితే బీదవాడివి అవుతావని కాదురా అమ్మ భయం. ఆ బతుకు లోపల ఏదో ఉంది, మన రాయిస్ లాంటివాణ్ణి కూడా తిన్నగా ఉన్న రోడ్డు మీద చెయ్యి వదిలేసేలా చేసింది. అదేమిటో మాకెవరికీ తెలీదు. అందుకే నిన్ను అటువైపు వెళ్ళనివ్వదు.

ఇక నీ ఇష్టం.

వర్లీన్

*

ఏప్రిల్ 24, 1987

అక్కా,

పేరు ఇచ్చేశాను.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. అన్నయ్య కావాలని పోయాడంటే నేను నమ్మను. నమ్మాల్సి వస్తే మాత్రం, వాణ్ణి ఏది మింగిందో అక్కడికే వెళ్ళి చూడాలి. ఇక్కడ కూచుని మంచుగడ్డల గురించి చదువుతుంటే అది నాకు తెలీదు.

అమ్మని తినమను. నామీద కోపం తిన్నాక కూడా ఉంటుంది.

డెల్

*

జూలై 3, 1987
హోటల్ గది నుంచి

ప్రియమైన అక్కకి,

ముందు ఈ ఉత్తరం చదవడం పూర్తిచేసి, ఆ తర్వాత బస్సు తాళాలు మీ సూపర్వైజర్ చేతిలో పెట్టు. ఎందుకో కింద రాస్తాను. ఇది అమ్మ పక్కన ఫోన్లో చెప్పగలిగేది కాదు.

పోయిన నెల పెద్ద లీగు జట్టొకటి నన్ను ఎంచుకున్నప్పుడు మీరెవరూ ఫోన్ చెయ్యలేదు. టీవీ కట్టేసి ఉంటారు. ఫరవాలేదు. జట్టువాళ్ళు విమానం ఎక్కించి ఇక్కడికి తెచ్చారు. సంతకం పెట్టేముందు వైద్యపరీక్ష చెయ్యాలన్నారు. నవ్వుతూ వెళ్ళాను. ఇదివరకు కాలేజీలో చేశారు కదా, ఛాతీ మీద గొట్టం పెట్టి ఊపిరి పీల్చమనడం, అంతే.

ఇక్కడ అలా కాదు. డాక్టరుగారు పెద్దాయన, చెవుల్లో తెల్లటి వెంట్రుకలు, పేరు సాండ్రోవ్. ఒంటినిండా తీగలు అతికించి కదిలే పట్టీ మీద పరిగెత్తించారు. కాసేపటికి ఎడమ పక్కకి చూశాను. అన్నయ్య ఉన్నాడు. గోడ ఉండాల్సిన చోట పరిగెడుతున్నాడు, కోటుతోనే. డాక్టరుగారు పట్టీ ఆపేసి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏం చూస్తున్నావు అటు?"

"ఏం లేదండీ."

"ఏం లేనివైపు ఎవరూ అలా చూడరు. చెప్పు."

ఎందుకో చెప్పేశాను. ఎప్పుడు కనిపిస్తాడో, చప్పుళ్ళు ఎలా దూరమవుతాయో, టోర్నమెంటులో పడిపోవడం, అన్నీ. ఆయన నవ్వలేదు. మంచం మీద పడుకోబెట్టి, ఛాతీకి చల్లటి జిగురు రాసి, తెర మీద నా గుండెని చూపించారు. చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు.

"మీ ఇంట్లో చిన్నవయసులో ఎవరైనా పోయారా?"

"మా అన్నయ్య. కానీ జబ్బుతో కాదు. కారు ప్రమాదం."

"ఎలా జరిగింది?"

నువ్వు రాసిందంతా చెప్పాను. ఎండ, పొడి రోడ్డు, బ్రేకు వెయ్యకపోవడం. ఆయన చేతిలో కలం పక్కన పెట్టేశారు.

"ఆయన కూడా ఆడేవాడా?"

"ఆడేవాడు. దమ్ము లేదని తీసేశారు."

"ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయేవాడా?"

నాకు తెలీదన్నాను. చెప్పాక గుర్తొచ్చింది. సందులో ఆడుతూ ఆడుతూ ఒక్కోసారి గోడకి ఆనుకుని కూచుండిపోయేవాడు. కళ్ళు తెరిచే ఉండేవి, పిలిస్తే పలికేవాడు కాదు. మేం ఆటపట్టిస్తున్నాడనుకునేవాళ్ళం.

అక్కా, నా గుండె గోడ ఉండాల్సినదానికన్నా బాగా మందంగా ఉందట. పుట్టుకతో వచ్చింది. ఒళ్ళు అలసినప్పుడు, ఒక్కోసారి ఊరికే కూచున్నప్పుడు కూడా, గుండె లయ తప్పుతుంది. రక్తం తలకి ఎక్కదు. స్పృహ పోతుంది. కొందరు లేస్తారు, కొందరు లేవరు. రక్తసంబంధంలో ఒకరికుంటే ఇంకొకరికి ఉండొచ్చట. "మీ అన్నయ్యని నేను చూడలేదు కాబట్టి ప్రమాణం చేసి చెప్పలేను. కానీ నువ్వు చెప్పినట్టే జరిగి ఉంటే, ఆ కారు కల్వర్టుకి తగలకముందే ఆయనకి స్పృహ లేదు. ఆయన ఏదీ వదిలెయ్యలేదు బాబూ. దమ్ము లేకపోవడం కూడా బద్ధకం కాదు" అన్నారు.

నేను కోటు గురించి అడిగాను. నేనెప్పుడూ చూడని కోటు ఎలా కనిపించిందని. "రక్తం అందనప్పుడు మెదడు ఏవేవో చూపిస్తుంది" అన్నారు. "చూడనివి కూడానా?" అంటే, ఆయన కిటికీలోంచి బయటికి చూసి, "దానికి నా దగ్గర జవాబు లేదు" అన్నారు.

నేనిక ఆడకూడదు. పెద్ద లీగు కాదు, కాలేజీ కాదు, సందులో కూడా కాదు. జట్టువాళ్ళు మర్యాదగానే చెప్పారు, టాక్సీ కూడా పిలిచారు. ఇంకో ఏడాది కాలేజీలో ఆడి ఉంటే డిగ్రీ చేతికొచ్చేలోగా పోయేవాడినేమో. వెళ్ళొద్దన్న చోటికి వచ్చాను కాబట్టి ఇది బయటపడింది. దీన్ని అమ్మకి ఏ మాటల్లో చెప్పాలో నాకు తెలీడంలేదు.

నువ్వు పరీక్ష చేయించుకునేదాకా బస్సు నడపకు. టమికాని కూడా తీసుకెళ్ళు. అమ్మని కూడా.

ఇక్కడ కిటికీ కింద పిల్లలు రేపటి స్వాతంత్ర్య దినం పండగకి టపాకాయలు కాలుస్తున్నారు. ఒక్కోదానికి నా చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోతోంది.

నీ తమ్ముడు,
డెల్

*

గ్యారీ
జూలై 30, 1987

నా చిన్ని తమ్ముడికి,

ఇన్నాళ్ళు ఆలస్యమైనందుకు ఏమనుకోకు. ఆస్పత్రిలో మా పరీక్షలన్నీ అయ్యేదాకా రాయకూడదని పట్టుబట్టాను. నాకు లేదు. టమికాకి లేదు. ఆ మాట విన్నాక ఆస్పత్రి బయట కాలిబాట మీద కూచుండిపోయాను. టమికా "అమ్మా, అందరూ చూస్తున్నారు" అని ఒకటే గొడవ.

అమ్మకి ఉంది. ఈ వయసుదాకా ఆ జబ్బు ఏమీ చెయ్యకుండా ఊరుకుంది కానీ, ఉంది. మనింట్లోకి అమ్మ రక్తంలోంచే వచ్చింది.

తనకి ఎలా చెప్పానో చెప్తాను. నీ ఉత్తరం వచ్చిన రోజే చెప్పాను. చర్చి బట్టల్లో ఉంది. ఎదురుగా కూచుని చదివి వినిపించాను, నీ మాటలు నీ మాటలుగానే. కదలకుండా వింది. అయిపోయాక, "ఆ డాక్టరు చెప్పిన ముక్క ఇంకోసారి చదువు" అంది. ఆయన ఏదీ వదిలెయ్యలేదు, అన్న ముక్క. మళ్ళీ చదివాను. "ఇంకోసారి." మళ్ళీ చదివాను.

"అంటే వాడు మనల్ని వదిలి పోదామనుకోలేదు."

"లేదమ్మా."

"ఇంటికి వస్తున్నాడేమో."

ఆ రోడ్డు ఎటు పోతుందో నాకు తెలుసు డెల్. అది ఉత్తరంగా మనవైపే వస్తుంది. ఆరేళ్ళలో ఆ సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు.

అమ్మ ఏడవలేదు. లేచి వెళ్ళి పాస్టరుగారికి ఫోన్ చేసింది. గొంతు చర్చి అంతా వినిపించేంత ఉంది. "పాస్టరుగారూ, మా రాయిస్‌కి మీరు ఒక వాక్యం బాకీ ఉన్నారు. సరైనది వెతికి పెట్టుకోండి. ఆదివారం వస్తున్నాను" అని పెట్టేసింది. పాపం ఆయన ఆ ఆదివారం ప్రసంగమంతా రాయిస్ మీదే చెప్పాడు. మిల్లువాళ్ళు, నా బస్సు పిల్లలు, చివరికి వాణ్ణి బద్ధకస్తుడన్న బార్బరు కూడా వచ్చాడు. అమ్మ ముందు వరసలో నిటారుగా కూచుంది.

తన పరీక్ష అయిన రోజు మాత్రం వేరు. కారులో ఇంటికి వస్తూ, "నేనే ఇచ్చానన్నమాట. ఇద్దరికీ" అంది.

"ఆ ఎత్తు కూడా నీదే కదమ్మా. ఆ చేతులు కూడా."

"అవి ఎవరడిగారే?" అంది.

మీ కోచ్ హాలిగన్ వచ్చాడు. పూలు తేలేదు. టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. అమ్మ కూచోమంటేగానీ కూచోలేదు. "ఆ రోజు వాడు పడిపోయాక నేను మళ్ళీ ఆడించాను" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పడానికే అంతదూరం కారు నడుపుకుని వచ్చాడు. అమ్మ చాలాసేపు ఆయన్ని చూసింది. తర్వాత చేప ముక్కలు, రొట్టె ఉన్న పళ్ళెం ఆయన ముందుకి జరిపింది. క్షమించానని చెప్పలేదు, తినమనీ అనలేదు. ఆయన తిన్నాడు. ఆడకపోయినా నీ చదువు ఖర్చు యూనివర్సిటీ భరించేలా ఒప్పించానని చెప్పి వెళ్ళాడు.

అమ్మ నీకొక మాట రాయమంది. తను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "ఒరేయ్ డెల్మర్, చదువుకో అని నిన్ను చంపుకు తిన్నాను. చదివితే చదువు, లేకపోతే మానెయ్. మాత్రలు మాత్రం మానకు. మెట్లు మెల్లగా ఎక్కు."

ప్రేమతో,
వర్లీన్

*

సెప్టెంబరు 27, 1987

ప్రియమైన అక్కకి,

మళ్ళీ అదే గది, అదే ఓటిస్. నేను మెట్లెక్కుతుంటే వెనకే నడుస్తూ "పడితే నా మీద పడు, గోడ మీద కాదు" అంటాడు. పుస్తకాల సంచి కూడా మొయ్యనివ్వడు.

ఇక్కడి పేపర్లో నా గురించి రాశారు. డబ్బుని కాదని డిగ్రీ కోసం తిరిగొచ్చిన కుర్రాడట, పిల్లలందరూ నన్ను చూసి నేర్చుకోవాలట. ఓటిస్ దాన్ని పైకి చదివి, "నువ్వు ఇంత మంచివాడివని నాకు తెలీనే తెలీదురా" అన్నాడు. ఎవరి మాటా గెలవలేదని ఆ రాసినాయనకి ఎలా చెప్పను? ఉండమన్నవాళ్ళ మాట విని ఉంటే పోయేవాణ్ణి. వెళ్ళమన్నవాళ్ళకి కావలసినవాణ్ణి నేను కాదు. మిగిలింది మధ్యలో ఉన్న ఈ చదువు. అది నాకు మొదటినుంచీ నచ్చింది, ఎవరూ అడగలేదంతే. భూమి పంతులుగారు ఈసారి ముందు బెంచీలో కూచోమన్నారు. వచ్చే నెల సరస్సు ఒడ్డుకి తీసుకెళ్ళి రాళ్ళు చూపిస్తారట. మన ఊరివైపే. మిమ్మల్ని చూసి వస్తాను.

మాత్రలు వేసుకుంటున్నాను. మొదటి వారం ఒళ్ళంతా తడిసిన దుప్పటిలా అనిపించింది. ఇప్పుడు ఫరవాలేదు. అమ్మ కూడా మానకుండా వేసుకుంటోందా? ఆవిడ నాకు చెప్పినంత సులువుగా తను వినదు.

నిన్న మధ్యాహ్నం జట్టు సాధన మొదలైంది. కోచ్ తన పక్కన కూచోమన్నారు, కూచోలేకపోయాను. అందరూ వెళ్ళాక మాత్రం వెళ్ళి ఖాళీ గ్యాలరీ మెట్ల మీద కూచున్నాను. నేల మీద ఎండ పడుతోంది. ఎడమ పక్కన కాస్త చోటు వదిలి కూచున్నాను. వస్తాడేమోనని.

రాలేదు. నీ కోటు బావుందిరా అని చెప్దామనుకున్నాను. చాలాసేపు చూశాను. నా గుండె చాలా మెల్లగా, లయ తప్పకుండా కొట్టుకుంటోంది. వాడు వచ్చే దారి ఏదైనా ఉంటే దాన్ని ఈ మాత్రలు మూసేశాయి.

వాడు పోయినప్పుడు నేను ఏడవలేదు, నీకు గుర్తుందా? పెద్దవాళ్ళందరూ ఏడుస్తుంటే నేను సందులోకి వెళ్ళి బాల్ ఆడాను. అందరూ నన్ను విడ్డూరంగా చూశారు. నిన్న ఏడ్చాను. ఊడ్చేవాళ్ళు వచ్చి దీపాలు తీసెయ్యాలి బాబూ అనేదాకా.

అన్నయ్య పోయాడక్కా. నాకు ఇప్పుడే తెలిసింది.

నీ తమ్ముడు,
డెల్మర్